గోదావరీమండలమున హస్తశిల్పము: కర్తృవిచారము

వ్యాకరణశాస్త్రమున కారకములు ఆఱు. వానిలో స్వతంత్రుఁడై క్రియను నిర్వహించువాఁడు కర్త యనియు, క్రియాసిద్ధికి మిక్కిలి యుపకరించునది కరణ మనియు పాణిని వ్యవస్థ చేసెను. సాలెవాఁడు నాడెతో వస్త్రమును నేయుచున్నాఁడను వాక్యమున సాలెవాఁడు కర్త, నాడె కరణము, వస్త్రము కర్మ. ఇంతవఱకు సులభమే. కాని కారకత్వము వస్తువునందు స్థిరముగా నుండునది కాదు. వక్తయొక్క వివక్షను బట్టి మాఱుచుండును. కుండతో వండుచున్నాఁడనునప్పుడు కరణమైన కుండయే, కుండ వండుచున్నదనునప్పుడు కర్త యగును. వస్తువు మాఱలేదు; చెప్పువాని యుద్దేశము మాఱినది.

చరిత్రరచనయందును ఈ వివక్ష పని చేయుచుండును. గోదావరీమండలమున స్వదేశీవ్రతమును, ఖద్దరుద్యమమును వర్ణించు గ్రంథములందు నాయకులు కర్తలుగను, రాట్నము కరణముగను, స్వరాజ్యము కర్మగను చెప్పఁబడుచుండును. నూలు వడికిన యాఁడువారు, బట్ట నేసిన సాలెలు ఆ వాక్యమున నే కారకమో తెలియదు. చేతిపని ప్రజోద్యమమునకు సాధనమైన కథలో ఆ చేయి యెవరిదను ప్రశ్న గౌణము కాదు. దానిపైననే తక్కిన విషయము లన్నియు నాధారపడియున్నవి. ఈ మండలచరిత్రమున దానికి లభించు సమాధానము లిచ్చట విచారింపఁబడును.

శిల్పశబ్దము ప్రాచీనమైనది. కౌషీతకిబ్రాహ్మణమున నృత్యము, గీతము, వాద్యము అను మూఁడును శిల్పముగాఁ జెప్పఁబడినవి. ఐతరేయబ్రాహ్మణమున శిల్పములు చేయువాని యాత్మకు సంస్కారము గూర్చునవియని యున్నది. పాణిని శిల్పులనుగూర్చి ప్రత్యేకముగా ప్రత్యయములను, స్వరములను విధించెను. నర్తక, ఖనక, రజక శబ్దము లట్లు సిద్ధించినవే. అమరసింహుఁడు తంతువాయునికిఁ గువిందుఁడను పర్యాయము నిచ్చి, శూద్రవర్గమునఁ జేర్చెను. కావున శిల్పికి నామము శాస్త్రమున లేకపోలేదు. నామము లోపించినది తరువాతి చరిత్రమున.

వర్తకశాలల కాలము

గోదావరీముఖములయొద్ద నేఁతబట్టలు విదేశవర్తకమునకుఁ బ్రధానవస్తువులు. పాలకొల్లున డచ్చివారు, నరసాపురమునకుఁ జేరువనున్న మాధవాయపాలెమునను ఇంజరమునను ఇంగ్లీషువారు, యానామున ఫ్రెంచివారు వర్తకస్థానములను నిలిపిరి. మాధవాయపాలెమునుండి యెగుమతియైన సన్నని తెల్లబట్ట యైరోపాభాషలయం దాయూరిపేరి వికృతియైన 'మదపొలము' అను శబ్దముచేతనే వ్యవహరింపఁబడెను. ఊరిపేరు దేశాంతరమున బట్టకుఁ బేరయ్యెను; నేసినవాని పేరు మాత్ర మెచ్చటను నిలువలేదు.

ఆ వర్తకము బయానాపద్ధతిమీద నడచెడిది. కంపెనీ గుమాస్తాలు దళారులద్వారా సాలెలకు సొమ్ము ముందుగా నిచ్చి, పొడవు, పన్నము, పోఁగుల లెక్క నిర్ణయించి, వాయిదానాఁటికి బట్ట నందుకొనెడివారు. నాణెము చాలదని త్రోసివేసిన బట్టవలని నష్టము నేఁతవానిదే. బయానా తీఱనంతకాలము అతఁ డన్యులకు నేయుటకు వీలులేదు. 18 వ శతాబ్ది చివరను, 19 వ శతాబ్ది తొలినాళ్ళలోను ఉత్తరకోరమాండలతీరపు నేఁతవారు గుంపులుగూడి, మగ్గములు నిలిపివేసి, కంపెనీయధికారులకుఁ దమ మొఱ వినిపించిన సందర్భములు కలవు. ఈ ప్రాంతమున చేతిపని ప్రజాసాధనమగుటకు దొరకు తొలి నిదర్శనము లివియే. వానియందు విశేష మేమనఁగా, నేఁతవాఁడు తన మగ్గము నాడించుటచేతఁగాక నాపుటచేతనే తన స్వాతంత్ర్యమును జూపెను. నేయను శక్తిగలవాఁడు నేయకుండుటకును శక్తిగలవాఁడు. వ్యాకరణపు స్వతంత్రలక్షణ మిచటఁ బూర్ణముగా నున్నది.

ఇంగ్లండున యంత్రపుమగ్గములు వ్యాపించినకొలఁది ఈ యెగుమతి క్షీణించెను. 1833 నాఁటి శాసనముచేఁ గంపెనీవారి వర్తకమే ముగిసెను. 1847 లో ధవళేశ్వరముకడ ఆరంభమై 1852 నాఁటికి ఆర్థర్ కాటన్ పూర్తిచేసిన యానకట్ట డెల్టాను వరిసీమగా మార్చెను. అన్నమునకు కఱవు తగ్గెను. బట్టమాత్రము మిల్లులనుండి, సీమనుండి రాసాఁగెను. సాలెలలోఁ గొందఱు మిల్లునూలు దెచ్చి నేయుచు నిలిచిరి. చేతివడుకు మాత్రము మిక్కిలి సన్నగిల్లెను. రాట్నము తిరిగి వచ్చునప్పటికి ఈ సీమలోఁ బ్రత్తి కొఱఁత, అలవాటు కొఱఁత. ఈ రెండును దరువాతి కథకుఁ బునాదులు.

వందేమాతరమునుండి రాట్నమువఱకు

1905 ఆగస్టు 7 వ తేదిని కలకత్తాలో స్వదేశీదీక్ష ప్రకటింపఁబడెను. 1907 ఏప్రిలున బిపినచంద్రపాలుఁడు రాజమహేంద్రవరమునకు వచ్చి యుపన్యసించెను. అచ్చటి ట్రైనింగుకాలేజీ విద్యార్థులు వందేమాతరచిహ్నములు ధరించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాలనుండి తొలఁగింపఁబడెను. నాఁటి స్వదేశీయము ప్రధానముగాఁ గొనువాని వ్రతము: సీమబట్ట మానుట, దేశిబట్ట కట్టుట. ఆ దేశిబట్ట బొంబాయి మిల్లుదైనను దోషము లేదు. చేతిపనినే విద్యగా నేర్పవలెనను తలంపు 1910 లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య మున్నగువారు బందరున నెలకొల్పిన జాతీయకళాశాలయందు రూపుగొనెను. అచటి విద్యార్థులు నేఁత, వడ్రంగము, చిత్రలేఖనము నేర్చిరి. చేతిపని చదువుకొన్నవారియింట గౌరవము పొందుట కది యొక ద్వార మయ్యెను.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదులలో బెజవాడను గూడిన అఖిలభారత కాంగ్రెసుసంఘము కోటిరూపాయల తిలకునిధిని, కోటిమంది సభ్యులను, 20 లక్షల రాట్నములను జూన్ 30 వ తేదిలోపల సమకూర్పవలెనని తీర్మానించెను. ఆ దినములలోనే గాంధి రాజమహేంద్రవరము, కాకినాడ, ఏలూరు పట్టణములను దర్శించెను. ఏలూరున మాగంటి అన్నపూర్ణాదేవి తన నగల నొసఁగి ఖద్దరు దాల్చెను. ద్రాక్షారామమున జన్మించిన దువ్వూరి సుబ్బమ్మ, బాల్యమున వితంతువై, పురాణపాండిత్యముతో సభలనలరించుచు, ఖద్దరును బ్రబోధించి 1922 లో కారాగారమున కేఁగెను. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి చిన్ననాఁటనే విదేశవస్త్రములను విడనాడెను. 1923 డిసెంబరున కాకినాడయందు మౌలానా మహమ్మదాలీ యధ్యక్షతను గాంగ్రెసుమహాసభ జరిగెను. అఖిలభారత ఖాదీమండలి యేర్పడుట యచ్చటనే. ఖాదీప్రదర్శనపు వాకిట స్వచ్ఛందసేవికయైన పదునాలుగేండ్ల దుర్గాబాయి, టిక్కెట్టు లేనిదే విడువనని జవాహరులాలు నాపిన వృత్తాంతము ప్రసిద్ధము.

ఈ కథలన్నిటను స్త్రీ యున్నది. ఇది యాకస్మికము కాదు. ఉప్పు వండుటకుఁ గడలికిఁ బోవలెను. పికెటింగునకు వీథిలో నిలువవలెను. రాట్నమునకు గడప దాఁటవలసిన పనిలేదు. వితంతువునకును, ఘోషాలోనున్న యామెకును, పాఠశాలకుఁ బోని బాలికకును దేశకార్యమున భాగము గలుగఁజేసిన క్రియ అదియొక్కటే. కనుకనే యది సామాజికసాధన మయ్యెను.

వడుకుటలోని లెక్కయు, చిక్కును

1924 లో బెల్గాముసభయందు కాంగ్రెసుసభ్యత్వమునకు నాలుగణాలకు మాఱుగా నెలకు 2,000 గజముల చేతినూలు చెల్లింపవలెనను నిబంధన యేర్పడెను. రాజకీయసంఘమునకుఁ జందా ధనరూపమునఁగాక శ్రమరూపమున నియమింపఁబడుట విశేషము. నూలుచిలప 840 గజములు. అనఁగా నెలకు రెండున్నర చిలపలకుఁ గొంచెము తక్కువ. గంటకు 300 గజములు వడుకఁగలవానికి ఇది యేడుగంటలలోపలి పని. అయినను న్యాయవాదులు, పట్టణపు పెద్దలు దీనిని నెఱవేర్పలేకపోయిరి. నూలు కొని చెల్లించుటకును నిబంధనలోఁ దావుండెను. 1925 లోనే యీ నియమ మైచ్ఛికముగా మాఱెను. ఆ సెప్టెంబరునఁ గాంగ్రెసునకు లోఁబడియు వేఱుగాఁ బనిచేయు అఖిలభారత చరఖాసంఘము వెలసెను. వ్రతముగా వడుకుట, జీవనమునకై వడుకుట అను రెండు దారులు అప్పటినుండి స్పష్టముగా విడిపోయినవి.

రాజమహేంద్రవరమునకుఁ జేరువనున్న సీతానగరమున బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యము అను వైద్యుఁడు స్థాపించిన గౌతమీసత్యాగ్రహాశ్రమము ఈ రెంటిని గలుపఁజూచెను. అచటనే మద్దూరి అన్నపూర్ణయ్య 'కాంగ్రెసు' పత్రికను నడపెను, రాట్నములును దిరిగెను. శాసనోల్లంఘనకాలమున నాశ్రమము ప్రభుత్వనిర్బంధమునకు లోనయ్యెను. 1929 ఏప్రిల్-మే మాసములలో గాంధి ఖద్దరునిధికై యాంధ్రదేశమున సంచరించినప్పుడు ఈ మండలపు గ్రామములు విరాళము లొసంగినవి.

ఇంత యుత్సాహమునందును ఒక చిక్కు విడలేదు. ఖద్దరనఁగాఁ జేతితో వడికి చేతితో నేసిన బట్ట. డెల్టాలో నివసించు దేవాంగులు, పద్మశాలీలు, కరికాలభక్తులు, మాలలు మిల్లునూలు నేయుటకు నలవడియుండిరి. చేతినూలు సమముగా నుండదు. పడుగు తోడునప్పుడును, గంజి పట్టించునప్పుడును, పన్నె లాగునప్పుడును మాటిమాటికిఁ దెగును. ఒకచీర నేయు కాలమున సగమే యగును. అందుచే నేఁతవాఁడు మిల్లునూలునే కోరెను. ఖద్దరు లక్షణమునుబట్టి యతనిబట్ట ఖద్దరు కాదు. తరతరములుగా చేతిపనిచే బ్రదుకువాఁడు చేతిపనియుద్యమమునకు వెలుపలివాఁడయ్యెను! 1930 లో ఆచార్య రంగా దక్షిణదేశపు చేనేఁతవారి స్థితినిగూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ శిల్పుల ఋణములు, షావుకార్లయధీనత విచారింపఁబడినవి. లక్షణమునకు లక్ష్యము లోఁబడనప్పుడు అవ్యాప్తిదోష మని తార్కికు లందురు. ఖద్దరునకుఁ జెప్పిన లక్షణమున నీ దోష మున్నది.

రెండవ చిక్కు కాకినాడయందుఁ దోఁచెను. 1921 లో గాంధి యచ్చట దేవదాసీస్త్రీలలోఁ గొందఱినిఁ గలిసికొనెను. పిమ్మట బరిసాలునను గలిసికొని, వారు రాట్నము నాశ్రయించి గౌరవజీవనము గడపవలెనని వ్రాసెను. ఆ కరుణ నిష్కపటము. కాని గోదావరీతీరపు కళావంతులు సంగీతాభినయములందు శిక్షితులు. నృత్యగీతవాద్యములే శిల్పమని చెప్పిన బ్రాహ్మణవాక్యమునుబట్టి చూడ, వారు శిల్పహీనులు కారు, మహాశిల్పులు. ఒక శిల్పమును విడిచి, మిక్కిలి స్వల్పమైన కూలి వచ్చు వేఱొక శిల్పమును బట్టుఁడని వారికి బోధింపఁబడెను. 1947 లో మదరాసుశాసనము దేవదాసీసమర్పణమును నిషేధించెను. ఆ యాచారము తొలఁగుట యవశ్యకమే. అయినను వారి విద్యకుఁ గర్తలుగా వారినే నిలిపి, దానికిఁ గౌరవజీవనమును గల్పించు మార్గము నాఁటివారు వెదకలేదు. ఆ విద్య కొన్ని గృహముల లోపల మాత్రము చిరకాలము నిలిచినది.

కూలియు, కలమును

చేతిపనివానిని గర్తగా నెంచు ప్రయత్నము 1935 లో స్పష్టముగాఁ గనఁబడును. అంతవఱకు ఖద్దరు చౌకగా నమ్ముడు పోవలెనను తలంపుతో వడుకువారికిఁ గొలఁదికూలియే యీయఁబడుచుండెను. ఆ సంవత్సరము గాంధి, గంటకు అణా చొప్పున నెనిమిదిగంటలకు ఎనిమిదణాలు ముట్టవలెననియు, బట్టవెల పెరిగిన పెరుగుఁగాక యనియు వాదించెను. అమ్మకము తగ్గునని యనేకులు భయపడిరి. చరఖాసంఘము ఆ యాదర్శమునకుఁ జాల లోపలనే యైనను కనీసపుకూలి నిర్ణయించెను. కొనువాని త్యాగమునుగాక చేయుదాని జీవనమును ముందు నిలిపిన తీర్మాన మిది. ఖద్దరుచరిత్రమున నింతకంటె ముఖ్యమైన దినము లరుదు. అయినను పాఠ్యగ్రంథములు దానిని బేర్కొనుట యంతకంటె నరుదు.

అదే యేఁట రాజమహేంద్రవరమున వేఱొకశిల్పము వెలుఁగునకు వచ్చెను. కోసూరి వేంకటరత్నము 1930ల తొలినాళ్ళలో నీ పట్టణమున ఫౌంటెనుకలములు చేయ నారంభించెను. గంధకముతో గట్టిపఱచిన రబ్బరగు ఎబొనైటుకడ్డీని తరిమెనపై చెక్కి, లోపల దొలిచి, మర లేర్పఱచి, ఒక్కొక్క కలమును చేతితో నునుపు చేయుట యా పని. 1934 డిసెంబరున వెలసిన గ్రామపరిశ్రమలసంఘపు కార్యదర్శి జె. సి. కుమారప్ప ద్వారా ఆ కలము గాంధిని జేరెను. 1935 జూలైలో గాంధి దాని నుపయోగించి, అంగడులలోని విదేశపుకలములకు మంచి మాఱుగా నున్నదని కృతజ్ఞత దెలుపుచు రత్నమునకు లేఖ వ్రాసెను. తాను రెల్లుకలము నాదరించువాఁ డయ్యును, పట్టణపు శిల్పి పనితనమును మెచ్చెను. ఈ కథయందు గమనింపవలసినది స్వదేశీయ మొక్కటియే కాదు. వస్తువుమీఁద శిల్పిపేరు నిలిచినది. బట్ట మాధవాయపాలెపుదే గాని నేఁతవాఁ డెవఁడో తెలియదు, కలము రత్నముదే. కర్త యిచట నుక్తుఁ డయ్యెను.

నరసాపురపు అల్లిక

నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల లేసుపని దీనికిఁ బ్రత్యుదాహరణము. 19 వ శతాబ్దిలో క్రైస్తవమతప్రచారకులు, పేదయాఁడువారికిఁ గొంత జీవనము గల్పింపఁదలఁచి, కొక్కెపుసూదితో దార మల్లుపని నేర్పిరి. దాని పుట్టుకయు సేవాభావమే, ఉద్యమమే యనవచ్చును. క్రమముగా నా పని పేద కాపుస్త్రీలలోను వ్యాపించెను. పొలముపనికిఁ బోవుట గౌరవహాని యని తలంచు నిండ్లకు గడపలోపలి యల్లిక యనుకూలించెను. వర్తకులు, ఎగుమతిదారులు పురుషులు; అల్లువారు స్త్రీలు. మరియా మీస్ అను జర్మనుసామాజికశాస్త్రజ్ఞురాలు 1970ల చివర నిచ్చటఁ బరిశోధించి 1982 లో ప్రకటించిన గ్రంథము ఈ పని నడచు తీరును వివరించెను. చేతిపనివారు పువ్వుల నల్లుదురు. అతుకుపనివారు వానిని గూర్తురు. ఒక్కొక్కతె వస్తువులో భాగమునే యెఱుఁగును. దినమున ననేకగంటలు పని చేసియును వారు పనివారలుగాక గృహిణులుగా లెక్కింపఁబడిరి. వారి శ్రమ తీఱికవేళ పనియని పిలువఁబడెను. కూలి వ్యవసాయపుకూలికిని దిగువ.

గడప దాఁటకుండ చేయఁదగుటయే రాట్నమునకు బలమని పైని చెప్పఁబడినది. నరసాపురమున నా గుణమే దోష మయ్యెను. ఇల్లు దాఁటని పని లెక్కకు రాదు. లెక్కకు రానిదానికిఁ గూలి యడుగుట కష్టము. వేర్వేఱిండ్లలో నున్నవారు గూడియడుగుట మఱింత కష్టము. పూర్వము సాలెలు మగ్గము లాపి మొఱపెట్టఁగలిగిరి, ఏలయన వారొక్క పేటలో నొక్కచో నుండిరి. లేసులల్లు స్త్రీల కట్టి యవకాశము లేదు. కావున హస్తశిల్పము స్వభావముచేతనే విమోచనము గలిగించునదని నమ్ముట సరికాదు. ఆ సూది, ఆ దారము, ఆ చేయి యున్నను, ఏమి అల్లవలెనో, ఎంతకు విడువవలెనో నిర్ణయించువాఁ డన్యుఁ డైనప్పుడు చేయునది కరణమే.

దేశాంతరపు నిదర్శన మొకటి దీనిని స్పష్టపఱచును. దక్షిణామెరికాలోని చిలీదేశమున 1973 లో సైనికులు రాజ్యము నాక్రమించిన తరువాత, తమవారు అదృశ్యులైన స్త్రీలు చర్చియాశ్రయమున గుడ్డపీలికలను గుట్టి, తమ యిండ్లలోని దుఃఖమును, వీథిలోని దౌర్జన్యమును జిత్రములుగాఁ గూర్చిరి. వానిని విదేశములందు నమ్మి కుటుంబములఁ బోషించుకొనిరి. వారిదియుఁ బేదయాఁడువారి సూదిపనియే. కాని యేమి కుట్టవలెనో వారు తామే నిర్ణయించిరి. సూదియందు భేదము లేదు; స్వాతంత్ర్యమునందే భేదము.

ఉపసంహారము

పైవిచారమువలన గోదావరీమండలచరిత్రమున హస్తశిల్పమునకు మూఁడవస్థలు గనఁబడుచున్నవి. వర్తకశాలల కాలమున శిల్పి ఋణబద్ధుఁడై యుండియు మగ్గ మాపుటచేఁ దన కర్తృత్వమును జూపెను. ఖద్దరుకాలమున చేతిపని వ్రతమై, గడపలోపలి స్త్రీకి దేశకార్యమున భాగ మిచ్చెను. కాని నేఁతవానిని లక్షణమునకు వెలుపల నుంచెను. వడుకుదాని జీవనమును 1935 వఱకు నాలస్యముగాఁ దలంచెను. లేసుపనియందు సేవగా మొదలైనది వర్తకమై, శిల్పిని గృహిణీశబ్దమున మఱుగుపఱచెను. చేతిపనిద్వారా సంఘసేవ తలపెట్టువారు ముందుగా నడుగవలసిన ప్రశ్నలు దీనినుండి తేలుచున్నవి: పని యేదో నిర్ణయించుట యెవరిది? వెల నిర్ణయించుట యెవరిది? పేరు నిలుచుట యెవరిది? పని నాపు శక్తి యెవరిది? ఈ నాలుగింటికిని శిల్పియే సమాధాన మైనచో నతఁడు కర్త. లేనిచో నెంత పవిత్రమైన కార్యమునందైనను కరణము.

2009 లో ఉప్పాడజాందానీ చీరలకును, 2024 లో నరసాపురపు లేసుఅల్లికకును భౌగోళికసూచిక లభించినది. మాధవాయపాలెపు బట్టకువలె నూరిపేరు మరల వస్తువున కెక్కినది; సంతోషింపఁదగిన విషయము. అయినను ఊరిపేరితోఁ దృప్తిపడుట చాలదని 200 ఏండ్లనాఁటి యనుభవము బోధించుచున్నది. వడికినవారి, నేసినవారి, అల్లినవారి వృత్తాంతములు గృహములలోని వృద్ధస్త్రీల జ్ఞాపకములందును, పాటలందును, షావుకార్ల లెక్కపుస్తకములందును వెదకఁదగినవి. తాళపత్రములను సేకరించు శ్రద్ధయే వీనియెడలను జూపవలసియున్నది. ఆ పని జరిగిననాఁడు ఈ మండలచరిత్రవాక్యమున లోపించిన కర్తృపదము పూరింపఁబడఁగలదు.